టీబీ బిళ్ళలు ఆరు నెలలు ఎందుకంటే

టీబీ బ్యాక్టీరియాను నేను రోజూ చూస్తాను, అయితే చచ్చినవాటినే. గళ్ళ డబ్బీ మూత తీసి, చీపురుపుల్లతో చిక్కటి భాగం ఎత్తి అద్దం మీద పూసి, ఆరాక మంట మీద తిప్పి, కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిరి లేచేదాకా కాస్తాం. తర్వాత 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం. గళ్ళలోని చీము కణాలు, నోట్లో ఉండే మామూలు బ్యాక్టీరియా అన్నీ ఆ ఆమ్లానికి ఎరుపు వదిలేస్తాయి. ఇదొక్కటే వదలదు. మిథిలీన్ బ్లూ పోసి కడిగి, నూనె చుక్క వేసి వెయ్యి రెట్లలో చూస్తే నీలం మధ్యన ఎర్రటి సన్నని పుల్లలు, ఒకచోట విడివిడిగా, ఇంకోచోట గుత్తులుగా. మైకోలిక్ ఆమ్లాలతో కట్టిన మైనపు గోడ వల్ల వచ్చిన మొండితనం అది. బ్యాక్టీరియా డీఎన్ఏను పట్టే ట్రూనాట్ మిషన్లు వచ్చాక రోగాన్ని మొదట పట్టుకునే పని ఎక్కువగా వాటిదే అయింది. మందులు వాడుతున్నవాళ్ళు మధ్యలో, చివర్లో తెచ్చే గళ్ళకు మాత్రం ఇంకా ఈ స్లైడే.

ఆమ్లం పోసినా రంగు వదలని ఈ పుల్ల, ప్రాణంతో మన కణంలోకి వెళ్ళినప్పుడు మొదట చేసే పని ఏమిటో తెలుసా? ఆమ్లం తన దగ్గరికి రాకుండా చూసుకోవడం. మా కౌంటర్ దగ్గర తరచూ వినపడే ఒక ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

మా సెంటర్ మదనపల్లె పక్కన. టమాటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోయే ఒకామె రెండు నెలల మందులు అయ్యాక గళ్ళ ఇవ్వడానికి వచ్చింది. స్లైడ్ నెగటివ్. మనిషి కాస్త ఒళ్ళు చేసింది, రాత్రి జ్వరం లేదు. రిపోర్ట్ చేతికిస్తే చూసి, "దగ్గు పాయె, జరం పాయె, నీ అద్దంలో కూడా ఏమీ లేదంటివి. ఇంకా నాలుగు నెలలు ఎందుకు మింగల్ల నాయనా?" అంది. గవర్నమెంట్ చెప్పింది కాబట్టి అనడం నాకు ఇష్టం ఉండదు. పదివేల లెక్కలో ఉంటే తప్ప మా మైక్రోస్కోప్‌కు అవి కనపడవని చెప్పాను. ఒక మిల్లీలీటర్ గళ్ళలో దాదాపు అన్ని ఉంటేనే స్లైడ్ పాజిటివ్ వస్తుంది. అది సగం జవాబే. మిగతా సగం, అవి ఎక్కడ కూర్చున్నాయన్నది.

ఈ ఉద్యోగానికి ముందు హైదరాబాద్‌లో ఒక పరిశోధన ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేశాను. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయిన మాలాంటివాళ్ళకు అది మామూలు దారే. అక్కడ నా పని మాక్రోఫేజ్‌లను పెంచడం, వాటికి బ్యాక్టీరియాను తినిపించడం. మాక్రోఫేజ్ అంటే మన రోగనిరోధక కణాల్లో తిండిపోతు. ఊపిరితిత్తుల గాలి గదుల్లో అవి తిరుగుతూ ఉంటాయి. దుమ్ము, చచ్చిన కణాలు, గాలిలో వచ్చిన బ్యాక్టీరియా, ఏది దొరికితే అది మింగుతాయి. పత్రికల్లో వీటిని సైనికులు, కోటలు, శత్రువులు అని రాస్తారు. నాకు ఆ భాష నచ్చదు. ఇక్కడ జరిగేది యుద్ధం కాదు, జీర్ణం. తిన్నది అరగకపోవడమే టీబీ.

మామూలుగా అరిగే పద్ధతి ఇలా ఉంటుంది. కణం బ్యాక్టీరియాను తన పొరతోనే చుట్టి ఒక చిన్న సంచిలో లోపలికి లాక్కుంటుంది. ఆ సంచి పేరు ఫాగోసోమ్. సంచి గోడ మీద ప్రోటాన్ పంపులు చేరి లోపలికి ఆమ్లం తోడతాయి. తర్వాత లైసోసోమ్ అనే ఇంకో సంచి వచ్చి దీంతో కలుస్తుంది. దాన్నిండా ప్రోటీన్లను, కొవ్వులను కోసే ఎంజైములు. కలిశాక పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5కు, అంతకన్నా దిగువకు పోతుంది. చాలా బ్యాక్టీరియాకు అంతటితో సరి.

అసలు టీబీ బ్యాక్టీరియాతో పని చేయాలంటే బీఎస్ఎల్-3 అనే కట్టుదిట్టమైన ల్యాబ్ కావాలి. మాకు అది లేదు. అందుకని రెండు చుట్టాలను వాడేవాళ్ళం. ఒకటి మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్, మట్టిలో బతికే అమాయకురాలు. ఇంకొకటి బీసీజీ, పుట్టగానే పిల్లల ఎడమ భుజానికి వేసే టీకాలో ఉండేదే. రెండింటికీ ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ జన్యువు పెట్టి ఉండేది. మాక్రోఫేజ్‌లకు తినిపించి, ఆమ్లం ఉన్న సంచుల్లో మాత్రమే ఎర్రగా పట్టే లైసోట్రాకర్ అనే రంగు వేసి, చీకటి గదిలో కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కింద పెడతాం. స్మెగ్మాటిస్ తిన్న కణాల్లో ఆకుపచ్చ మీద ఎరుపు పడి పసుపు చుక్కలు కనిపించేవి. బీసీజీ తిన్న కణాల్లో ఆకుపచ్చ ఆకుపచ్చగానే, దానికి కాస్త ఎడంగా ఎరుపు ఎరుపుగానే ఉండేవి. రెండూ ఒకే కణంలో ఉన్నాయి. కలవడం లేదు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ ఎడం కంటితో చూసినప్పుడే నాకు బుర్రకెక్కింది.

దీన్ని మొదట చూపించింది 1971లో, లండన్ మిల్ హిల్‌లో. ఆర్మ్‌స్ట్రాంగ్, ఫిలిప్ డార్సీ హార్ట్ ఇద్దరూ కలిసి చేశారు. ఈ డార్సీ హార్ట్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1948లో అచ్చయిన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్ వెనక ఉన్న ముఖ్యుల్లో ఆయన ఒకరు. క్షయకు మందు పనిచేస్తుందని లాటరీ పద్ధతిలో రోగులను విడదీసి రుజువు చేసిన ట్రయల్ అది. ఆ తర్వాత రిటైరై, చాలామంది మనవళ్ళతో ఆడుకునే వయసులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాడు. 1900లో పుట్టి 2006 దాకా బతికాడు.

వాళ్ళు ముందుగా మాక్రోఫేజ్‌లకు ఫెరిటిన్ తినిపించారు. ఇనుము ఉన్న ప్రోటీన్ కాబట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో నల్ల చుక్కలుగా కనిపిస్తుంది, వెళ్ళి లైసోసోమ్‌లలో పేరుకుంటుంది. ఇక నల్ల చుక్కలు ఎక్కడుంటే అక్కడికి లైసోసోమ్ వచ్చినట్టు లెక్క. తర్వాత టీబీ బ్యాక్టీరియాను వదిలారు. చచ్చిన బ్యాక్టీరియా ఉన్న సంచుల్లో నల్ల చుక్కలు దండిగా ఉన్నాయి. బతికున్నవాటి సంచుల్లో చాలావాటిలో లేవు. అంటే గోడ గట్టిదనం ఒక్కటే కాదు కారణం. బతికున్న బ్యాక్టీరియా ఏదో చేస్తోంది, కలయికను ఆపుతోంది.

ఆ ఏదో ఏమిటన్నది తర్వాతి దశాబ్దాల్లో ముక్కలు ముక్కలుగా బయటపడింది. సంచి లైసోసోమ్‌తో కలవాలంటే దాని పొర మీద పీఐ3పీ అనే ఒక కొవ్వు గుర్తు పడాలి. టీబీ బ్యాక్టీరియా గోడ నుంచి ఊడివచ్చే లామ్ అనే చక్కెర-కొవ్వు పదార్థం ఆ గుర్తు పడకుండా అడ్డుపడుతుంది. అడ్డుపడినా ఆ గుర్తు పడితే, శాప్-ఎమ్ అనే ఎంజైమ్ దాన్ని చెరిపేస్తుంది. ఇంకో ఎంజైమ్, పీటీపీ-ఏ, ఏకంగా సంచి దాటి కణద్రవంలోకి వెళ్ళి, ప్రోటాన్ పంపులు సంచి మీదికి చేరకుండా చూస్తుంది. ఫలితంగా లోపల పీహెచ్ 6.2, 6.4 దగ్గర ఆగిపోతుంది. అంటే దాదాపు పాల అంత పులుపు. అందులో బ్యాక్టీరియా హాయిగా ఉంటుంది. ఇవన్నీ ఒకదానికొకటి స్టెప్నీలు. ఒకటి పోయినా ఇంకొకటి పని చేస్తుంది. అందుకే ఒక్క అణువును పట్టుకుని మందు చేద్దామంటే తేలడం లేదు.

కలయిక ఆపడమే అసలు రహస్యం అని అందరూ అనుకునేలోపు డార్సీ హార్టే ఇంకో పరిశోధన పత్రం అచ్చేశాడు, 1975లో. టీబీ బ్యాక్టీరియాకు యాంటీబాడీలున్న సీరం పట్టించి తినిపిస్తే లైసోసోమ్‌లు బుద్ధిగా వచ్చి కలిశాయి. అయినా బ్యాక్టీరియా చావలేదు! తన మొదటి ఫలితానికి తనే మడత పెట్టిన మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. తలుపు దగ్గర ఆపగలిగితే ఆపుతుంది, ఆపలేకపోతే లోపలికొచ్చిన ఆమ్లంలోనూ తట్టుకునే ఏర్పాట్లు దానికి ఉన్నాయన్నమాట.

మూడో దారి కూడా ఉంది. ప్రోటీన్లను బయటికి వదిలే ఈఎస్ఎక్స్-1 అనే యంత్రంతో సంచి పొరకు బొక్కలు పెట్టి బయటపడటం. బీసీజీకి ఈ యంత్రం లేదు. దాన్ని తయారుచేసిన కాల్మెట్, గెరాన్ 1908 నుంచి 1921 దాకా ఆవుల క్షయ బ్యాక్టీరియాను పిత్తరసం కలిపిన బంగాళాదుంప మీద 230 సార్లు మార్చి మార్చి పెంచారు. ఆ పెంపకంలో ఆర్‌డీ-1 అనే డీఎన్ఏ ముక్క రాలిపోయింది. ఈఎస్ఎక్స్-1 భాగాలు ఉన్నది ఆ ముక్కలోనే. అందుకే బీసీజీ సంచిని మూసి ఉంచగలదు గానీ బద్దలు కొట్టలేదు. భుజం మీద మచ్చతో ఆగిపోవడానికి పెద్ద కారణం ఇదే.

బద్దలు కొడితే ఏమవుతుందో చేప పిల్లల్లో కనపడింది. భారతదేశంలో చదువుకుని ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఉన్న లలితా రామకృష్ణన్ బృందం జీబ్రా చేప పిల్లలకు చేపల క్షయ ఎక్కించింది. ఒళ్ళంతా గాజులా పారదర్శకం కాబట్టి బతికున్న చేపలోనే ఒక్కో మాక్రోఫేజ్‌ను వెంబడించవచ్చు. 2009లో వాళ్ళు చూపించిందిది: బ్యాక్టీరియా ఉన్న ఒక మాక్రోఫేజ్ చస్తే, దాన్ని శుభ్రం చేయడానికి కొత్తవి వస్తాయి, ఆ శవాన్ని తింటాయి, దాంతోపాటు లోపలున్న బ్యాక్టీరియానూ తింటాయి. ఒకచోట ఉన్నది నాలుగుచోట్ల అవుతుంది. ఈఎస్ఎక్స్-1 లేని బ్యాక్టీరియాకు ఇంత గుంపు చేరదు. మాక్రోఫేజ్‌లు ఒకచోట గుమిగూడి కట్టే గడ్డను గ్రాన్యులోమా అంటాం. అది రోగాన్ని బంధించే గోడ అని మా పాఠాల్లో చెప్పారు. మొదటి రోజుల్లో మాత్రం అది బ్యాక్టీరియాకే ఎక్కువ ఉపయోగమని ఆ చేపలు చెప్పాయి.

ఇక మందుల సంగతి.

మా పక్క బెంచీ మీద సాల్మొనెల్లా పని జరిగేది, టైఫాయిడ్ కుటుంబం. దానిదీ ఇదే బాట, మాక్రోఫేజ్ లోపల సంచిలో కాపురం. వాళ్ళు కణాలకు బ్యాక్టీరియా తినిపించాక పళ్ళెంలో జెంటామైసిన్ పోసేవాళ్ళు. బయట మిగిలినవన్నీ చస్తాయి. లోపలివి బతుకుతాయి, ఎందుకంటే జెంటామైసిన్ కణం పొర దాటి సరిగా పోదు. తర్వాత కణాలను పగలగొట్టి లోపలివి లెక్కబెడతారు. ఇది ప్రపంచమంతా వాడే పద్ధతి. దాని అర్థం మాత్రం ఆసుపత్రిలోనే నాకు పూర్తిగా తెలిసింది. టైఫాయిడ్ కల్చర్‌లో జెంటామైసిన్ డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం ఎంత పెద్దది వచ్చినా సరే, ఆ మందుతో టైఫాయిడ్ నయం కాదు. పళ్ళెంలో చచ్చేది ఒంట్లో చావదు. అదే అజిత్రోమైసిన్ కణాల లోపల పోగవుతుంది కాబట్టి పనిచేస్తుంది. మందు బలం ఎంతన్నదే కాదు, మందు ఎక్కడిదాకా పోతుందన్నది కూడా చూడాలి.

టీబీలో దీనికి తిరగబడ్డ కథ ఒకటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన బిళ్ళ పైరజినమైడ్ అందుకే. మామూలు పీహెచ్ ఉన్న గాజు గొట్టంలో టీబీ బ్యాక్టీరియా మీద దీన్ని పోస్తే ఏమీ కాదు. ఎలుకకు ఇస్తే పనిచేస్తుంది. పళ్ళెంలో పనికిరాని మందు ఒంట్లో ఎలా పనిచేస్తోందని తలలు పట్టుకుంటే, 1954లో మెక్‌డెర్మాట్, టాంప్‌సెట్ పీహెచ్‌ను 5.5 దగ్గరికి దించి చూశారు. అప్పుడు గాజులోనూ చచ్చాయి. బ్యాక్టీరియా తన సొంత ఎంజైమ్‌తో ఈ మందును పైరజినోయిక్ ఆమ్లంగా మార్చుకుంటుంది. చుట్టూ పులుపు ఉంటేనే అది లోపల పేరుకుని పని చేస్తుంది. బీసీజీలో, దాని తల్లి ఆవుల క్షయలో, ఆ ఎంజైమ్ పనిచేయదు. అందుకే మా హైదరాబాద్ ల్యాబ్‌లో ఎంత ఆశపడ్డా ఈ మందును పరీక్షించే వీలే లేకపోయింది.

బ్యాక్టీరియా తన సంచిని 6.2 దగ్గర ఆపితే మరి 5.5 ఎక్కడినుంచి వస్తుంది? టీ-కణాలు అనే ఇంకో రకం రోగనిరోధక కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేతం వదిలినప్పుడు మాక్రోఫేజ్ ఉత్తేజపడుతుంది. అలాంటి కణాల్లో టీబీకి చుట్టమైన మైకోబాక్టీరియం ఏవియం ఉన్న సంచి పీహెచ్ 5.2 దాకా దిగినట్టు 1990ల్లో కొలిచారు. అంటే ఒళ్ళు పులుపు తెస్తుంది, బిళ్ళ ఆ పులుపులో పనిచేస్తుంది. తిండి సరిగా లేని మనిషికి, షుగర్ అదుపులో లేని మనిషికి బిళ్ళలు ఒక్కటే సరిపోవడం ఎందుకు కష్టమో ఇక్కడ కొంత అర్థమవుతుంది. రిఫాంపిసిన్ అనే ఇంకో టీబీ మందుతో పాటు ఈ బిళ్ళను మొదటి రెండు నెలలు కలిపి ఇచ్చాకనే తొమ్మిది నెలల వైద్యం ఆరు నెలలకు తగ్గింది.

మనకు మామూలుగా ఇచ్చే వైద్యం ఆరు కన్నా తగ్గకపోవడానికి కూడా కారణం ఆ కాపురమే. మాక్రోఫేజ్ లోపల బ్యాక్టీరియా కణం కొవ్వును, కొలెస్ట్రాల్‌ను తిని బతకడం నేర్చుకుంది. కొవ్వు బొట్లతో నిండిన ఆ కణాల్లో అది దాదాపు కదలకుండా కూర్చుంటుంది. ఎంత బాగా పెరిగే రోజుల్లోనైనా టీబీ బ్యాక్టీరియా రెండుగా చీలడానికి 20 గంటలు పడుతుంది. మన పేగుల్లోని ఈ. కోలైకి 20 నిమిషాలు. గోడ కట్టేటప్పుడు అడ్డుపడే మందులు గోడ కట్టని బ్యాక్టీరియాను ఏం చేస్తాయి? పైగా, మాక్రోఫేజ్‌లోకి అడుగుపెట్టడమే దానికి సంకేతమై, మందును బయటికి తోసే పంపులు మొదలవుతాయని లలితా రామకృష్ణన్ బృందమే 2011లో చూపించింది. జన్యువు మారలేదు, రెసిస్టెన్స్ రాలేదు. ఆ ఇంట్లో ఉన్నందుకే మందును తట్టుకుంటోంది.

ఇదంతా మార్కెట్ ఆమెకు చెప్పలేదు. కణం, సంచి, పులుపు అన్నంతవరకు చెప్పాను. ఆమె విని, "కాయలో దూరిన పురుగు మాదిరా? పైన ఎంత మందు కొట్టినా..." అంది. టమాటా పొలాల్లో కాయతొలుచు పురుగుతో పడ్డవాళ్ళకు ఎవరూ బొమ్మ గీసి చూపించనక్కర్లేదు. "మోకాళ్ళు పీకతాండాయి, దానికేం జెప్తావ్?" అని కూడా అడిగింది. అది పైరజినమైడ్ చేసే పనే, యూరిక్ ఆమ్లం పెంచుతుంది. డాక్టర్‌కు చెప్పు, రెండు నెలలైంది కాబట్టి ఇక ఆ మందు ఎటూ ఆగిపోతుంది, మిగతా మూడూ ఉంటాయి అన్నాను.

ఇక్కడికి దగ్గర్లోనే ఆరోగ్యవరం ఉంది. 1910ల్లో క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన క్షయ శానటోరియం, మొదట్లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోడ్ట్-మోలర్ నడిపాడు. ఆ రోజుల్లో మందు లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, మంచం. నెలలకు నెలలు. ఆ పాత వరండాల ముందునుంచి పోయినప్పుడల్లా అనుకుంటాను, వాళ్ళు చేసింది మాక్రోఫేజ్‌లకు బలం ఇచ్చి ఎదురుచూడటమే అని. కొందరిలో అదే సరిపోయేది.

సరిపోయినవాళ్ళ ఒంట్లో కూడా బ్యాక్టీరియా పూర్తిగా పోకపోవచ్చు. ప్రపంచంలో దాదాపు నాలుగోవంతు మందికి టీబీ సోకి ఉందని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. వాళ్ళలో జీవితకాలంలో రోగం బయటపడేది 5 నుంచి 10 శాతానికే. మిగతావాళ్ళ గ్రాన్యులోమాలు గట్టిగా ఉంటాయి. టీఎన్ఎఫ్ అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్‌ను అడ్డుకునే కీళ్ళవాతం ఇంజెక్షన్లు వచ్చిన కొత్తలో కొందరికి ఉన్నట్టుండి టీబీ లేచింది. ఆ గడ్డలను పట్టి ఉంచేది టీఎన్ఎఫ్ అని అప్పుడు రోగుల్లోనే తేలింది. ఇప్పుడు ఆ ఇంజెక్షన్ ఇవ్వకముందే టీబీ పరీక్ష చేస్తారు.

ఇంట్లోవాళ్ళకు పరీక్షలు అందుకే. ఆమె కొడుకు మార్కెట్‌కు ఆటో తోలుతాడు, ఒకే గదిలో పడుకుంటారు. సై-టీబీ అని చర్మం పొరలోనే వేసే సూది ఇప్పుడు మనకు వస్తోంది. అందులో ఉండే రెండు ప్రోటీన్లు, ఈశాట్-6, సీఎఫ్‌పీ-10, ఆ ఈఎస్ఎక్స్-1 యంత్రం నుంచి వచ్చేవే. సంచిని పగలగొట్టే సరంజామానే బ్యాక్టీరియాను పట్టించే గుర్తు అయింది. బీసీజీలో అవి లేవు కాబట్టి టీకా వేసుకున్నవాళ్ళకు ఉత్తపుణ్యానికి పాజిటివ్ రాదు. పాత మాంటూ పరీక్షతో ఆ తలనొప్పి ఉండేది. సై-టీబీ వేశాక రెండు మూడు రోజులకు ఆ కొడుకు వచ్చి చెయ్యి చూపిస్తే ఐదు మిల్లీమీటర్లు దాటి గట్టిపడి ఉంది. ఎక్స్‌రే శుభ్రం, దగ్గు లేదు, జ్వరం లేదు. డాక్టర్ వారానికి ఒకసారి చొప్పున 12 వారాల బిళ్ళలు రాశారు.

"నిద్రపోతాండే దాన్ని ఎందుకు లేపేదన్నా?" అన్నాడు నాతో. లేపడం కాదు, నిద్రలోనే చంపడం అన్నాను. తలూపాడు. ఈ బిళ్ళలు కాలేయం మీద పడతాయి, కళ్ళు పచ్చబడినా, వాంతులైనా వెంటనే రావాలి, పన్నెండు వారాలు సారా, బీరు జోలికి పోవద్దు అని కూడా చెప్పాను. అప్పటిదాకా మాక్రోఫేజ్‌ల గురించి బుద్ధిగా విన్న పిల్లోడు, "నడుమ జాతర వస్తాంది గదన్నా" అన్నాడు. జాతరలో బిరియానీ తినమన్నాను.